మెదక్‌లో చర్చి తప్ప చూడ్డానికి ఏముంది అని అడిగినవారికి

మీరు అడిగింది ఇది: హైదరాబాద్ నిజాంపేటలో ఉంటారు. ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు, మీ దంపతులు కలిసి ఒక రోజు మెదక్ వెళ్ళిరావాలనుకుంటున్నారు. "అంత దూరం పోయి ఒక్క చర్చి చూసి రావడమేనా, ఇంకేమైనా ఉందా? వానాకాలంలో వెళ్ళొచ్చా?"

సూటిగా చెప్తాను. ఒక రోజుకు సరిపడా ఉంది. పొద్దున్నే బయల్దేరి నర్సాపూర్ దారి పట్టండి. ముందు ఏడుపాయల గుడి, దాన్ని ఆనుకొని మంజీర నది మీద ఉన్న ఘనపూర్ ఆనకట్ట చూడండి. మధ్యాహ్నానికి మెదక్ పట్టణం చేరి, భోజనం చేసి చర్చికి వెళ్ళండి. ఎండ తగ్గాక ఖిల్లా ఎక్కండి. పోచారం చెరువును అదే రోజులో ఇరికించొద్దు. వానాకాలంలో నిశ్చింతగా వెళ్ళొచ్చు, నిజానికి ఆ ప్రాంతం అప్పుడే బాగుంటుంది. కానీ ఇంట్లోంచి కదిలే ముందు, ఎగువన మంజీర మీదున్న సింగూరు డ్యామ్ గేట్లు ఎత్తారా లేదా అన్నది కనుక్కోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి అదే. ఎందుకో కింద వివరంగా చెప్తాను.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం మంజీర కాలువల మీదే గడిచింది. ఇప్పుడు బోయిన్‌పల్లిలో ఉంటున్నాను. చుట్టాల్లో ఎవరు మెదక్ వెళ్తామన్నా నన్ను వెంట రమ్మంటారు. అందుకని నేను చెప్పేది గుళ్ళూ గోపురాల లెక్కలో ఉండదు, నీళ్ళ లెక్కలో ఉంటుంది. మెదక్‌ను అలా చూస్తేనే అర్థమవుతుందని నా గట్టి నమ్మకం. అది వరి పండించే ఊరు. అక్కడ ఏ కట్టడం తీసుకున్నా నీళ్ళు ఉండబట్టో, నీళ్ళు లేకపోబట్టో పుట్టిందే.

ముందు నది గురించి. మంజీర మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా మన దగ్గరికొచ్చి, సంగారెడ్డి, మెదక్ జిల్లాలు దాటి నిజాంసాగర్ నింపుకొని, చివరికి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్ల ప్రయాణం. హైదరాబాద్‌కు మంజీర నీళ్ళు 1965 నుంచి వస్తున్నాయి. సింగూరు డ్యామ్ కట్టాక ఆ నీళ్ళు ఇంకా పెరిగాయి. నగరం పడమటి వైపు పెరిగిందంటే అందులో ఈ నది పాత్ర చాలా ఉంది. మీ పిల్లలకు కారులో ఈ ఒక్క మాట చెప్పండి, మిగతా ప్రయాణమంతా వాళ్ళే ప్రశ్నలు వేస్తారు.

దారి. నిజాంపేట నుంచి మీకు బాచుపల్లి, గండిమైసమ్మ, దుండిగల్, గుమ్మడిదల, నర్సాపూర్ దారి దగ్గర. నర్సాపూర్ దాటే దాకా అడవి ఉంటుంది, రోడ్డు పక్కన కోతులు గుంపులుగా కూర్చుంటాయి. దయచేసి వాటికి ఏమీ పెట్టొద్దు. బండ్లు ఆపి అరటిపళ్ళు విసిరే అలవాటు వల్లే అవి రోడ్డు మీదికి వచ్చి చక్రాల కింద పడుతున్నాయి. అద్దాలు దించి పిల్లల చేతికి బిస్కెట్ ప్యాకెట్ ఇవ్వొద్దు, అవి లాక్కుంటాయి. సీతాఫలాల కాలంలో అయితే ఈ దారి వెంట గంపల్లో అమ్ముతారు. పొద్దున కొనొద్దు, తిరుగు ప్రయాణంలో కొనండి. కారులో వేడికి సాయంత్రానికి మెత్తబడిపోతాయి.

నర్సాపూర్ తర్వాత కొల్చారం మండలంలో రంగంపేట దాటాక పోతంశెట్టిపల్లి చౌరస్తా వస్తుంది. ఏడుపాయలకు అక్కడ తిరగాలి. చాలామంది నేరుగా మెదక్ వెళ్ళి చర్చి చూసి, మళ్ళీ వెనక్కి ఈ చౌరస్తాకు వస్తారు. అలా చేస్తే ఒకే రోడ్డు మీద అటూ ఇటూ తిరగడంతోనే చాలా సమయం పోతుంది. పైగా మధ్యాహ్నం ఎండలో ఏడుపాయల బండల మీద నడవడం అత్తగారికి కష్టం. అందుకే ముందు ఇక్కడికే రమ్మంటున్నాను.

ఏడుపాయల. పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర బండరాళ్ళ మధ్య ఏడు పాయలుగా చీలి, కొంత దూరం పోయి మళ్ళీ కలుస్తుంది. ఆ పాయల మధ్య రాతి గుహలో వనదుర్గా భవాని వెలిసింది. జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేనని స్థలపురాణం. మహాశివరాత్రికి మూడు రోజులు జాతర జరుగుతుంది. రెండో రోజు ఎడ్లబండ్ల ఊరేగింపు, మూడో రోజు రథోత్సవం. జాతర చూడాలనే వెళ్ళేవాళ్ళు తప్పక వెళ్ళండి, మెతుకుసీమ (మెదక్‌ను అలాగే పిలుస్తారు) అసలు కళ అప్పుడే కనిపిస్తుంది. చూసి వద్దామని చిన్నపిల్లలతో, నడవలేని పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు మాత్రం ఆ మూడు రోజులూ వదిలేయండి. బండి ఎక్కడో ఆపి చాలా దూరం నడవాల్సి వస్తుంది.

మామూలు రోజుల్లో కూడా ఇక్కడి పద్ధతి తెలుసుకొని వెళ్తే మంచిది. మొక్కులున్న కుటుంబాలు మేకపోతును తెచ్చి, కోసి, చెట్ల కింద పొయ్యి పెట్టి వండుకొని, బంధువులందరికీ పెట్టి సాయంత్రానికి ఇళ్ళకు పోతారు. అది వాళ్ళకు పండుగ. తరతరాలుగా ఇంటిల్లిపాదీ కలిసే రోజు అది. ప్రశాంతంగా దర్శనం చేసుకోవాలనుకుంటే ఆదివారం కాకుండా మామూలు పనిదినం చూసుకోండి. సెలవు దొరక్కపోతే శనివారం పొద్దున్నే చేరుకోండి.

ఇప్పుడు సింగూరు గేట్ల సంగతి. గుడికి పైన ఘనపూర్ ఆనకట్ట ఉంది. దానికి ఎగువన సింగూరు డ్యామ్ ఉంది. సింగూరులో దాదాపు 30 టీఎంసీల నీళ్ళు పడతాయి (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఘనపూర్ ఆనకట్ట దగ్గర నిలిచేది 0.2 టీఎంసీ, అదీ పూడిక లేని రోజుల లెక్క. అంటే సింగూరు గేట్లు ఎత్తితే ఆ వరదను ఆపే శక్తి ఈ ఆనకట్టకు లేదు. నీళ్ళు పైనుంచి దూకి నేరుగా అమ్మవారి ముంగిట్లోకి వస్తాయి. గర్భగుడి ముందు నిలువెత్తు నీళ్ళు పారుతున్నప్పుడు గుడి మూసేస్తారు. ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురం దగ్గర పెట్టి అక్కడే పూజలు చేస్తారు.

ఇక్కడ హైదరాబాద్ వాళ్ళకు అర్థం కాని విషయం ఒకటుంది. మెదక్‌లో చుక్క వాన లేకపోయినా వరద రావచ్చు. ఎగువన కర్ణాటకలోనో మహారాష్ట్రలోనో కురిసిన వాన సింగూరు నింపుతుంది, తర్వాత ఇక్కడికి దిగుతుంది. మా దూరపు బంధువులు ఒకసారి నగరంలో ఆకాశం నిర్మలంగా ఉందని బయల్దేరి వచ్చారు. నది నిండుగా ఉంది, గుడి మూసి ఉంది. రాజగోపురం దగ్గరే దండం పెట్టుకొని, వంతెన మీద నుంచి నీళ్ళు చూసి వెనుదిరిగారు. ఆ ఇంటి పెద్దావిడ మాత్రం అమ్మవారి పాదాల దాకా గంగమ్మ వచ్చిన రోజున తాను అక్కడున్నానని ఎంతో సంతోషపడింది. అలా తీసుకునే మనసుంటే వరద రోజున వెళ్ళినా నష్టం లేదు. లోపలికి వెళ్ళి దర్శనం చేసుకొని తీరాలనుకుంటే ముందు రోజు స్థానిక వార్తలు చూడండి. సింగూరు ఇన్‌ఫ్లో (వచ్చే నీళ్ళు), అవుట్‌ఫ్లో (వదిలే నీళ్ళు) ఎంతో రోజూ ఇస్తుంటారు.

నీళ్ళలో దిగే విషయంలో నేను ఏ మినహాయింపూ ఇవ్వను. పాయలు చూస్తే మోకాలి లోతే కదా అనిపిస్తుంది. బండల మధ్య గుంతలుంటాయి, నాచు ఉంటుంది, పైనుంచి నీళ్ళు వదిలితే మట్టం చూస్తుండగానే పెరుగుతుంది. ఏటా ఈ పాయల్లో ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఎక్కువగా పోయేది నగరం నుంచి సరదాగా వచ్చిన పడుచు పిల్లలే. మునిగినవాళ్ళ కోసం కట్ట మీద కూర్చొని ఎదురుచూసే తల్లిదండ్రులను ఉద్యోగంలో ఉండగా చూశాను. స్నానం చేయాలనుకుంటే ఘాట్ దగ్గర చెంబుతో పోసుకోండి. పిల్లల చెయ్యి వదలొద్దు. ఫొటో కోసం బండ మీదికి ఎక్కొద్దు.

ఘనపూర్ ఆనకట్ట. గుడికి వచ్చినవాళ్ళలో చాలామంది దీన్ని చూడకుండా వెళ్ళిపోతారు. నా దృష్టిలో మెదక్‌లో మొదట చూడాల్సింది ఇదే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1905లో కట్టారు. నదికి అడ్డంగా పొడవాటి రాతి గోడ, అంతే. పెద్ద గేట్లు లేవు, ఆకాశాన్నంటే ఎత్తు లేదు. ఇప్పుడు దీన్ని వనదుర్గా ప్రాజెక్టు అంటున్నారు.

డ్యామ్‌కూ ఆనకట్టకూ తేడా పిల్లలకు ఇక్కడ కళ్ళకు కట్టినట్టు చూపించొచ్చు. డ్యామ్ నీళ్ళను దాస్తుంది. ఆనకట్ట దాచదు, నది మట్టాన్ని కాలువ నోటి దాకా ఎత్తుతుంది. ఎత్తిన నీళ్ళు రెండు పక్కల తూముల్లోంచి కాలువల్లోకి పోతాయి, మిగిలింది గోడ మీద నుంచి దిగువకు పోతుంది. మంచం మీద పడుకున్న మనిషి తల కింద దిండు పెట్టినట్టు, నదికి ఆ కాస్త ఎత్తు చాలు. అక్కడి నుంచి నీళ్ళు వాలును బట్టి వాటంతట అవే పొలాలకు నడుస్తాయి. మోటారు లేదు, కరెంటు లేదు. నూట ఇరవై ఏళ్ళుగా ఇదే పద్ధతి.

రెండు కాలువలున్నాయి. ఒకటి మహబూబ్ నహర్, కొల్చారం, మెదక్, హవేలీఘనపూర్ మండలాల వైపు పోతుంది. రెండోది ఫతే నహర్, పాపన్నపేట వైపు పోతుంది. రెండింటి కింద 21 వేల పైచిలుకు ఎకరాల ఆయకట్టు. మేము రికార్డుల్లో ఎంఎన్, ఎఫ్ఎన్ అని రాసేవాళ్ళం, రైతులు కూడా అలాగే అంటారు. మీరు ఏడుపాయల నుంచి మెదక్ వెళ్ళే దారిలో రోడ్డు పక్కన పారే కాలువ కనిపిస్తే కాసేపు ఆగండి. కట్ట మీద నడుస్తూ షట్టర్లు చూసుకొనే లష్కర్ కనబడితే పలకరించండి. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, చివరి పొలం దాకా నీళ్ళు పోవాలంటే పైవాళ్ళకు ఎంత ఇవ్వాలి, ఇదంతా అతని తలలో ఉంటుంది. నేను తీసుకెళ్ళిన పిల్లల్లో ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు లష్కర్‌తో మాటల్లో పడి చర్చి కూడా వద్దన్నాడు. ఇంజినీరింగ్ పుస్తకాల్లో లేని లెక్కలు ఆ లష్కర్ వేళ్ళ మీద చెప్పాడు.

ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఈ ఆయకట్టు రైతులు యాసంగికి (రబీ పంటకు) సింగూరు నీళ్ళ కోసం ఎదురుచూడని ఏడాది తక్కువ. పైన నగరానికి తాగునీళ్ళు కావాలి, కింద నిజాంసాగర్ ఉంది, మధ్యలో వీళ్ళున్నారు. నీళ్ళు వదలమని ఆందోళనలు చేసిన సందర్భాలూ ఉన్నాయి. మన నల్లాలో వచ్చే నదే వాళ్ళ పొలంలో పారే నది. అందుకే అక్కడ ప్లాస్టిక్ కవర్లు, సీసాలు కాలువలో పడేసే నగరవాసులను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ చెత్త పోయి తూము దగ్గర అడ్డం పడితే కింద ఎవరి మడికో నీళ్ళు ఆగిపోతాయి.

ఎప్పుడు వెళ్తే పొలాలు ఎలా కనిపిస్తాయో కూడా చెప్తాను, ఇది ఎవరూ చెప్పరు. జులై చివర, ఆగస్టులో నాట్లు. మడులన్నీ అద్దాల్లా ఉంటాయి, వరుసల్లో నాటు వేసే ఆడవాళ్ళ పాటలు ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తాయి. సెప్టెంబరు, అక్టోబరు మొదట్లో ఎటు చూసినా పచ్చదనం. అక్టోబరు చివర, నవంబరులో కోతలు. అప్పుడు డ్రైవింగ్ జాగ్రత్త: వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు, కుప్పల చుట్టూ రాళ్ళు పెడతారు. చీకట్లో ఆ రాళ్ళు కనిపించవు. కోతల కాలంలో వెలుతురుండగానే తిరుగు ప్రయాణం మొదలుపెట్టండి. ఫిబ్రవరి, మార్చిలో యాసంగి పైరు ఉంటుంది, గాలి కూడా బాగుంటుంది. ఏప్రిల్ రెండో సగం, మే నెల నేను ఎవరికీ చెప్పను. నది ఎండిపోతుంది, బండలు కాలుతాయి.

ఇక్కడి నుంచి మెదక్ పట్టణం అరగంట లోపే. దారిలో మంబోజిపల్లి దగ్గర మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ ఉంది. ఒకప్పుడు ఈ కాలువల కింద చెరకు బాగా వేసేవాళ్ళు. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరి ఉండేవి. 2015 చివర్లో అది మూతపడింది, చెరకు చేలు దాదాపు అన్నీ వరి మడులయ్యాయి. లోపల చూడ్డానికేమీ లేదు, దాటుతూ ఒకసారి అటు చూస్తే చాలు.

చర్చి. దీని గురించి మీకు కొంత తెలిసే ఉంటుంది కాబట్టి, తెలియనిది చెప్తాను. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మెథడిస్టు మిషనరీ ఛార్లెస్ వాకర్ పోస్నెట్ దీన్ని తలపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు, పైగా మెదక్ చుట్టుపక్కల కరువు. వానలు పోయి, చేతిలో పని లేక, తిండి లేక జనం అల్లాడుతున్న సమయం. ఊరికే గంజి పోయకుండా పని పెట్టి కూలి ఇవ్వాలని ఆయన ఈ నిర్మాణం మొదలుపెట్టారు. 1914 నుంచి పదేళ్ళు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మస్‌కు నూరేళ్ళ పండుగ చేసుకున్నారు. పొద్దున మీరు చూసే ఆనకట్ట నీళ్ళుంటే ఈ సీమ ఎలా బతుకుతుందో చెప్తుంది, ఈ చర్చి నీళ్ళు లేనప్పుడు ఎలా బతికిందో చెప్తుంది. ఆ రెండిటినీ ఒకే రోజు, ఆ వరుసలోనే చూడమని నేను పట్టుబట్టేది ఇందుకే.

గోథిక్ శైలి కట్టడం. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, గంట గోపురం సుమారు 175 అడుగులు. లోపల 5 వేల మంది దాకా పడతారు. కింద పరిచిన రంగుల టైల్స్ బ్రిటన్ నుంచి ఓడలో వచ్చాయి. స్తంభాలకు, గోడలకు రాయి మాత్రం ఇక్కడిదే, చెక్కిన చేతులు ఇక్కడివే. రంగుటద్దాల కిటికీలు మూడు: వేదిక వెనక క్రీస్తు ఆరోహణం, మిగతా రెండు పక్కల జననం, సిలువ మరణం. వీటిని బొమ్మ గీసిన పలక అనుకోవద్దు, చిన్న చిన్న రంగు గాజు ముక్కలను కూర్చి చేశారు. బయటి వెలుతురు వాటి గుండా లోపలికి వస్తేనే బొమ్మ కనిపిస్తుంది. బయటి నుంచి చూస్తే నల్లని గాజులాగే ఉంటుంది, చీకటి పడ్డాక లోపల నుంచి చూసినా ఏమీ కనబడదు. కాబట్టి చర్చిని రోజు చివరికి నెట్టొద్దు, వెలుతురు బాగా ఉన్న మధ్యాహ్నం పూటే వెళ్ళండి. దట్టంగా మబ్బు పట్టిన రోజున సగం అందమే కనిపిస్తుంది.

లోపల కనీసం అరగంట కూర్చోండి. పిల్లలు మొదట పైకప్పు చూస్తారు, తర్వాత ఒక్కో కిటికీలో ఒక్కో మనిషిని వెతుక్కుంటారు. అది ప్రార్థన జరిగే గుడి. ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుంది, ఆ వేళలో చూడ్డానికి వచ్చినవాళ్ళు లోపల తిరగడం మర్యాద కాదు. ఫొటోల విషయంలో అక్కడున్నవారిని అడిగి, వాళ్ళు చెప్పినట్టు చేయండి. క్రిస్మస్ నాడు ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. ఆ వైభవం కోసమే వెళ్తే సరే, కట్టడం చూడాలంటే మరో రోజు పెట్టుకోండి. అత్తగారికి ఇక్కడ ఇబ్బందేమీ ఉండదు, లోపల బల్లలున్నాయి, బయట చెట్ల నీడ ఉంది.

భోజనం గురించి ఒక్క ముక్క. ఏడుపాయల దగ్గర మీ ఇంటి నుంచి తెచ్చుకున్నదే తినండి. మెదక్ పట్టణంలో మామూలు భోజన హోటళ్ళు, బిర్యానీ దొరికే చోట్లు ఉన్నాయి, గొప్పవి అని చెప్పను, ఆకలి తీరుతుంది. వానాకాలంలో రోడ్డు పక్కన కాల్చిన మక్కకంకులు వదలొద్దు.

ఖిల్లా. సాయంత్రం నాలుగు దాటాక ఎక్కండి. కాకతీయుల నాటి కోట, తర్వాత కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. ప్రథమ ద్వారం, సింహ ద్వారం, గజ ద్వారం అని మూడు వాకిళ్ళు. సింహ ద్వారం మీద రెండు సింహాలు, గజ ద్వారం దగ్గర ఏనుగుల శిల్పాలు పిల్లలకు బాగా నచ్చుతాయి. గండభేరుండం (రెండు తలల పక్షి బొమ్మ) ఎక్కడుందో మీరు చూపించకుండా వాళ్ళనే వెతకమనండి. పైన ముబారక్ మహల్, పదిహేడో శతాబ్దపు మసీదు, పాత ఫిరంగి ఉన్నాయి.

కానీ నేను కోట ఎక్కించేది ఫిరంగి కోసం కాదు. పైకి వెళ్ళి చుట్టూ చూస్తే పొద్దున్నుంచి మీరు తిరిగిందంతా ఒక్క చూపులో అర్థమవుతుంది. ఒకవైపు చర్చి గోపురం, చుట్టూ చెరువులు, వాటి కింద వరి మడులు, దూరంగా గుట్టలు. కోట కట్టినవాళ్ళు కూడా కొండ మీద వాన నీళ్ళు నిలిచే గుంటలు చూసుకొనే కట్టారు, ముట్టడి వస్తే ముందు అయిపోయేది నీళ్ళే కదా. ఆ గుంటల దగ్గర పిల్లలను ఒంటరిగా వదలొద్దు.

ఎక్కడానికి మెట్లు, రాతి దారి ఉన్నాయి. వాన పడితే రాళ్ళు జారతాయి, మంచి పట్టున్న బూట్లు వేసుకోండి. నీళ్ళ సీసాలు కింద నుంచే తీసుకెళ్ళండి. మోకాళ్ళ నొప్పులున్నవారిని పైదాకా ఎక్కించొద్దు. ఇలాంటప్పుడు మా ఇంట్లో రెండు జట్లుగా విడిపోతాం: ఒకరు పెద్దావిడతో చర్చి ఆవరణలోనే ఉంటారు, మిగతావాళ్ళు కోట చూసి వచ్చి వాళ్ళను ఎక్కించుకుంటారు. అత్తగారికి చర్చి దగ్గర తోడుంటే తొందరపెట్టాల్సిన పని ఉండదు. చీకటి పడేలోపు కిందికి దిగిపోండి.

పోచారం ఎందుకు వద్దన్నానంటే, అది బాగోక కాదు. మెదక్ నుంచి ఎల్లారెడ్డి వైపు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1922లో పూర్తయిన పాత కట్ట, పక్కనే అభయారణ్యం. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి ఇది, 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. జింకలు, దుప్పులు, నీల్గాయిలు ఉన్నాయి. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి, పట్టతల బాతులు కూడా వస్తాయి. పక్షులు, జంతువులు కనబడేది పొద్దున్నే లేదా సాయంత్రం. మీరు చర్చి, కోట చూసుకొని హడావుడిగా అక్కడికి చేరేసరికి చీకటి పడుతుంది, ఏమీ కనబడదు. రాత్రికి మెదక్‌లో గది తీసుకొని మర్నాడు తెల్లవారుజామున వెళ్ళేట్టయితే నేను తప్పకుండా వెళ్ళమంటాను.

పోచారం మత్తడి (నిండిన నీళ్ళు పొంగి పోయే చోటు) దుంకే రోజుల్లో మాత్రం లెక్క వేరు. చెరువు నిండి కట్ట మీద నుంచి తెల్లగా నీళ్ళు దూకుతుంటే మెదక్, కామారెడ్డి జిల్లాల జనమంతా అక్కడే ఉంటారు. అప్పుడు ఏడుపాయల గుడి మూసి ఉండే అవకాశం కూడా ఎక్కువ. అలాంటి రోజున ఏడుపాయల బదులు పోచారం పెట్టుకోండి: మొదట చర్చి, తర్వాత పోచారం, వీలైతే తిరుగు ప్రయాణంలో వంతెన మీద నుంచి మంజీర. కట్ట మీదికి, మత్తడి కిందికి మాత్రం వెళ్ళొద్దు. 2025 ఆగస్టు చివర్లో మెదక్, కామారెడ్డి జిల్లాల్లో కుండపోత వానలకు రోడ్లు కోసుకుపోయాయి, రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, పోచారం మీద నుంచి భారీ వరద పోయింది. నూరేళ్ళు దాటిన ఆ కట్ట ఆ ఒత్తిడికి నిలబడింది. ఇలాంటి హెచ్చరికలు ఉన్న రోజున ప్రయాణం మానుకోండి, మెదక్ ఎక్కడికీ పోదు.

కారు లేకపోతే. సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి మెదక్ బస్సులున్నాయి, మీకు బాలానగర్‌లో ఎక్కడం సులువు. 2022లో అక్కన్నపేట నుంచి మెదక్ దాకా రైలు మార్గం కూడా వచ్చింది, కాచిగూడ నుంచి నేరుగా రైలు ఉంది. పిల్లలకు సరదాగా ఉంటుంది, ఖర్చు కూడా తక్కువ. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందే చూసుకోండి. బస్సులో, రైల్లో వెళ్ళేవాళ్ళు చర్చి, కోట పెట్టుకుంటే చాలు. ఏడుపాయలకు మెదక్ నుంచి ఆటో మాట్లాడుకోవాలి, అక్కడ ఆగే సమయంతో కలిపి రానూపోనూ ముందే బేరం కుదుర్చుకోండి.

మీరున్న పరిస్థితికి నా సలహా: సెప్టెంబరులో ఒక శనివారం పెట్టుకోండి. తెల్లవారుజామున ఆరింటికి నిజాంపేటలో కదిలితే ఎనిమిదిన్నర లోపు ఏడుపాయల చేరతారు. పదకొండు దాకా గుడి, ఆనకట్ట, కాలువ. పన్నెండుకు మెదక్‌లో భోజనం, ఒంటి గంట నుంచి చర్చి, నాలుగింటికి కోట. ముందు రోజు సాయంత్రం సింగూరు అవుట్‌ఫ్లో చూసుకోండి. నీళ్ళు వదులుతున్నారని తెలిస్తే పైన చెప్పిన పోచారం వరుసకు మారండి. మీరు వెళ్ళే తేదీ ఇక్కడ రాస్తే ఆ వారం కాలువల్లో నీళ్ళు ఉన్నాయో లేదో మా పాత సహోద్యోగులను అడిగి చెప్తాను.